ఆరాధనలో ఆనందం అందరి విస్తరిలోకి రావాలి

గ్రూపులో ఉన్న అన్నలకు, అక్కలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు సేవా జోహార్. మందిరానికి పోయేవాళ్లకు వందనాలు. రెండూ ఒకే పోస్టులో ఎందుకు పెట్టినవ్ అని కొందరు అడుగుతరు. నేను రాసేది దాని గురించే. కొంచెం పొడుగ్గానే ఉంటది, ఓపికతో చివరిదాకా చదవండి. తిట్టేది ఉంటే ఆ తర్వాత తిట్టండి.

పోయిన క్రిస్మస్‌కు మా బంధువుల ఊరికి పోయిన. జైనూర్ నుంచి లోపలికి పోయే ఊరు, పేరు వద్దు. రేకుల షెడ్డు మందిరం, ముందర పందిరి, రెండు పెద్ద సౌండ్ బాక్సులు, కీబోర్డు, పట్నం నుంచి వచ్చిన పాటల టీం. పాటలు నిజంగా బాగున్నయి. పిల్లలు చప్పట్లు కొడుతున్నరు, ఊరంతా వెలుగు. మా అవ్వ మందిరానికి పోయే మనిషి కాదు, పెన్‌ను మొక్కే మనిషి. అయినా మనుమరాలి ఇంట్ల పండుగ అని వచ్చింది. వట్టి చేతులతో రావొద్దని కొంగుల కొన్ని కొత్త జొన్నలు మూట కట్టుకొచ్చింది.

పాట ఊపు అందుకోంగనే అవ్వ లేచి, పక్కనున్న ఇద్దరు ముసలమ్మల చేతులు పట్టుకొని డెంసా అడుగు వేసింది. నాలుగు అడుగులు కూడా కాలేదు, ఒక తమ్ముడు వచ్చి "అవ్వా, ఇది ప్రార్థన. ఇక్కడ గట్ల ఎగరొద్దు" అన్నడు. మర్యాదగానే అన్నడు. ఆమె కూర్చుంది. "గింత మంచిగ పాడుతుండ్రు, మరి సంతోషం కాదా?" అని నన్ను అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

తర్వాత భోజనాలు. స్టేజి మీది అతిథులకు ముందు కుర్చీలు, టేబుళ్లు. తర్వాత మందిరం వాళ్లకు పంక్తి. మందిరానికి రాని బంధువులు చివరికి కూర్చునేసరికి బగారన్నం ఉంది, కూర అయిపోయింది. ఎవరూ కావాలని చేసింది కాదు, లెక్క తప్పింది అంతే. అవ్వ తిని లేచింది. జొన్నల మూట ఎవరికి ఇయ్యాలో తెల్వక మళ్లీ ఇంటికే పట్టుకుపోయింది.

సంవత్సరం నుంచి నా మనసులో అదే తిరుగుతున్నది. అవ్వ అడుగు ఆగిపోయింది. చివరి పంక్తికి కూర అందలేదు. ఈ రెండూ వేరు వేరు సంగతులు అనుకున్న ముందు. ఇప్పుడు అనుకోవట్లేదు. ఆనందాన్ని కొందరికే ఉంచుకున్న చోట ఆశీర్వాదం కూడా కొందరి దగ్గరే ఆగిపోతది. నేను చెప్పదలచుకున్నది ఇదే. ఇది మందిరానికి బయటి మాట కాదు, బైబిల్ లోపలి మాట.

దావీదు కథ మనలో సండే స్కూలుకు పోయిన ప్రతి పిల్లకూ తెలుసు. కానీ మనకు గొల్యాతును వడిసెలతో కొట్టిన దావీదే బాగా గుర్తు. రెండవ సమూయేలు 6వ అధ్యాయం ఒక్కసారి తీసి చదవండి. దేవుని మందసాన్ని యెరూషలేముకు తెచ్చే రోజు రాజు రాజులెక్క కూర్చోలేదు. బాకాలు మోగుతుంటే తన బలమంతా పెట్టి జనం మధ్యలో గంతులేసిండు. భార్య మీకాలు కిటికీలోంచి చూసి అసహ్యించుకున్నది. రాజు అయ్యుండి దాసుల ముందు ఇదేం పద్ధతి అని ఆమె బాధ. దావీదు వెనక్కి తగ్గలేదు. దేవుని ముందు ఇంకా చిన్నవాడినైతా అన్నట్టు మాట్లాడిండు.

ఇక్కడిదాకా అందరం చెప్పుకుంటం. మధ్యలో ఉన్న సంగతిని దాటేస్తం. నాట్యం, బలులు అయిపోయినంక దావీదు ఏం చేసిండు? వచ్చిన జనంలో ఆడవాళ్లకూ మగవాళ్లకూ, ఒక్కొక్కరికీ రొట్టె, ఎండు ద్రాక్షల అడ పంచి ఇంటికి పంపిండు. ప్రజలను దీవించుడు, చేతిలో తిండి పెట్టుడు, రెండూ ఒకే చోట ఉన్నయి ఆ కథలో. ఎవరు ఎంత కానుక ఇచ్చిండ్రు, ఎవరు ముందు వరుసలో ఉన్నరు అనే లెక్క అక్కడ లేదు.

నెహెమ్యా 8వ అధ్యాయంలో కూడా అదే వరుస. చెర నుంచి తిరిగొచ్చిన జనం ధర్మశాస్త్రం విని ఏడుస్తుంటే, ఈ రోజు ఏడ్వొద్దు, మంచి తిండి తినండి, తియ్యటిది తాగండి, ఇంట్ల ఏమీ వండుకోనోళ్లకు వాళ్ల వంతు పంపండి అని చెప్పిండ్రు. ద్వితీయోపదేశకాండము 16వ అధ్యాయంలో కోతల పండుగ గురించి చెప్పేటప్పుడు ఎవరెవరు సంతోషించాలో పేర్లు పెట్టి చెప్తది. కొడుకు, బిడ్డ, దాసుడు, దాసి, ఊర్లో ఉన్న పరదేశి, తండ్రి లేని పిల్ల, విధవరాలు. ఇంటి పెద్ద ఒక్కడు సంతోషిస్తే పండుగ అయినట్టు కాదు. పరదేశి కూడా సంతోషించాలి. అంటే మతం వేరైనవాడు, తెగ వేరైనవాడు కూడా ఆ పంక్తిలో ఉన్నడు.

ఇప్పుడు మన దిక్కు చూద్దాం. ఇది మనకు కొత్త పాఠమా? కాదు గదా. దీపావళి టైంలో దండారి పోతది. ఒక ఊరి దండు ఇంకో ఊరికి ముందే చెప్పి పోతది. డోల్, తుడుం, పెప్రె మోగుతుంటే ఊరి పట్లా ఎదురొస్తడు. వచ్చిన వాళ్లందరికీ ఆ ఊరే తిండి పెడుతది. తర్వాత ఆ ఊరోళ్లు ఈ ఊరికి వస్తరు. ఆ రాకపోకల్లోనే సంబంధాలు కుదురుతయి, పాత పగలు కరుగుతయి. కేస్లాపూర్‌లో నాగోబా జాతరకు మెస్రం వంశం వాళ్లు గోదావరి నీళ్లకు నడిచి పోయి తెస్తరు. గోవాడ్‌లో ఒకే ఆవరణలో పొయ్యిలు పెట్టి వండుతరు. ఆ వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్లను దేవుని ముందు పరిచయం చేసే భేటింగ్ కూడా అప్పుడే. ఆట, మొక్కు, వంట, చుట్టరికం, ఇవన్నీ విడివిడిగా ఉండవు మన దగ్గర.

మార్లవాయి మన జైనూర్ మండలంలోనే ఉంది. 2021లో పద్మశ్రీ వచ్చిన గుస్సాడీ గురువు కనకరాజు ఆ ఊరి మనిషే. 2024 అక్టోబర్‌లో ఆయన పోయినప్పుడు మన ఫోన్లన్నీ ఆయన ఫొటోలతో నిండినయి. ఆ ఊర్లోనే హైమన్‌డార్ఫ్, బెట్టీ ఎలిజబెత్ సమాధులు ఉన్నయి. దేశం కాని దేశం నుంచి వచ్చిన వాళ్లను మనోళ్లు ఇప్పటికీ ఎందుకు తలుచుకుంటున్నరు? పుస్తకాలు రాసిండ్రని కాదు. మన ఊర్లో గుడిసె వేసుకొని, మన మధ్య బతికిండ్రని. కలిసి బతికినోన్ని మన సమాజం మర్చిపోదు.

అట్లాంటి సమాజం నుంచి వచ్చిన మనం మందిరంలోకి పోయేటప్పుడు ఈ గుణాన్ని చెప్పుల్లెక్క గడప బయట విడిచి పోతున్నమా? నా బాధ అది.

ఒక అన్న నాతో అన్నడు. "అదంతా విగ్రహారాధన తమ్మీ, మేము బయటికొచ్చినం, మళ్ల దాంట్లకు రమ్మంటవా?" అని. ఈ మాటను కొట్టిపారెయ్యలేం. విశ్వాసం అంటే ఒకరిని మాత్రమే మొక్కుడు అని నమ్మినోడు పెన్‌కు మొక్కలేడు. వాడి మనస్సాక్షిని మనం గౌరవించాలె. గుస్సాడీ వేషం కూడా ఉత్త డాన్సు కాదు, అది దీక్ష. నెమలి ఈకల టోపీ పెట్టుకున్నోడు ఆ రోజులు నియమంతో ఉంటడు. అందుకే దాన్ని క్రిస్మస్ స్టేజి మీద డ్రెస్సులెక్క వేయించుడు నాకు నచ్చదు. అది దండారికీ అవమానమే, ఆరాధనకూ అతకదు.

కానీ డోల్ దెబ్బ ఎవరి సొత్తు? చేతులు పట్టుకొని వేసే డెంసా అడుగు పెండ్లిళ్లల్ల కూడా వేస్తం గదా. గోండి మాట, కొలామీ మాట ఏ దేవునికి అడ్డం? కీబోర్డు మన తాతలు చేసింది కాదు, గిటారూ కాదు. అవి ఎక్కడి నుంచో వచ్చి పవిత్రమైనయి. మన చెట్టు, మన తోలు, మన చేతులతో చేసిన డోల్ మాత్రం అపవిత్రం ఎట్లయింది? ఈ ప్రశ్నకు బైబిల్‌లో జవాబు చూపించమని అడిగిన. ఇంకా చూపించలేదు.

తెలుగు క్రైస్తవుల చరిత్రే దీనికి జవాబు చెప్తది. 19వ శతాబ్దంలోనే పురుషోత్తమ చౌదరి లాంటి కవులు మన రాగాల్లో కీర్తనలు రాసిండ్రు. ఇంగ్లీషు పాటలను తర్జుమా చేసుకొని సరిపెట్టుకోలేదు. డోర్నకల్‌కు వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912లో బిషప్ అయిండు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. తమిళుడు, తిరునల్వేలి దిక్కు నుంచి తెలుగు పల్లెలకు వచ్చిండు. అక్కడ సంఘంలోకి వచ్చినోళ్లలో ఎక్కువమంది ఊరి చివర ఉన్న పేదలు. వాళ్ల పాట, కోలాటం మందిరంలోకి రావొద్దని ఆయన అనలేదు, రానిచ్చిండు. 1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ ఎపిఫనీ కథీడ్రల్ చూస్తే గుమ్మటాలు, స్తంభాలు అన్నీ మన దేశపు కట్టడాల తీరులోనే కనిపిస్తయి. దేవుడు పరాయి ఇంట్లో ఉంటడని జనం అనుకోవద్దని ఆయన పట్టు.

మెదక్ చర్చి సంగతి మీకందరికీ తెలుసు. చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించింది, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ అయింది. 2024 క్రిస్మస్‌కు నూరేండ్లు నిండినయి. కరువుల కాలంలో పనికి వచ్చిన జనానికి తిండి పెట్టుకుంట కట్టిన గుడి అని ఆ చుట్టుపక్కల ఇప్పటికీ చెప్పుకుంటరు. ఆ ఎత్తైన గోపురాన్ని చూడటానికి జనం పోతరు. ఆ గోడల్లో ఆకలి తీరిన కూలోళ్ల చెమట ఉందని గుర్తుపెట్టుకుంటే అప్పుడు ఆ గుడి ఇంకో తీరుగ కనిపిస్తది.

బయటి ప్రపంచంలో కూడా ఇదే చర్చ జరిగింది. రెండో వాటికన్ మహాసభ 1963లో ఆరాధనలో స్థానిక భాషలకు తలుపు తీసింది. 1988లో కాంగో దేశం కోసం, అప్పట్లో జైర్ అనేవాళ్లు, ప్రత్యేకమైన పూజా విధానాన్ని రోమ్ ఒప్పుకున్నది. అందులో జనం బలిపీఠం చుట్టూ లయకు అడుగులు వేస్తరు. ఛోటానాగ్‌పూర్ దిక్కు ఉరావ్, ముండా క్రైస్తవులు పండుగకు మాందర్ వాయిస్తరు. వాళ్ల విశ్వాసం తగ్గలేదు. మన దగ్గరే ఎందుకు భయం?

ఇక రెండో మాట, మందిరానికి పోని అన్నలకు. "వాళ్లు మనల్ని విడిచిపోయిండ్రు, ఇక మనోళ్లు కాదు" అనే మాట ఈ మధ్య ఎక్కువ వింటున్నం. ఎస్టీ హోదా తీసెయ్యాలనే డిమాండ్ కూడా ఫోన్లలో తిరుగుతున్నది. చట్టం సంగతి ముందు తెలుసుకోండి. 1950 నాటి ఎస్సీ ఉత్తర్వులో మతం షరతు ఉంది. అదే ఏడాది వచ్చిన ఎస్టీ ఉత్తర్వులో అట్లాంటి షరతు లేదు. పుట్టుక, తెగ, గోత్రం మన గుర్తింపు. ప్రార్థనకు పోయినంత మాత్రాన మర్సుకోల, ఆత్రం, కొడప, కుంరం అనే ఇంటిపేరు పోదు. ఆ ఇంటిపేరు ఉన్నన్నాళ్లు చావుకు, పెండ్లికి, రాయి సెంటర్ పంచాయతీకి వాళ్లను పిలవాల్సిందే. పిలవకుండా ఉండి, వాళ్లు రారు అని నింద వేసుడు న్యాయం కాదు.

ఈ మాట ఇప్పుడు ఎందుకు అవసరమో జైనూర్ వాళ్లకు వేరే చెప్పాల్నా? 2024 సెప్టెంబర్ మనం మర్చిపోలేదు. ఒక ఆడబిడ్డకు జరిగిన అన్యాయం తర్వాత ఊరు మండింది. నిషేధాజ్ఞలు, ఇంటర్నెట్ బంద్, మూసిన దుకాణాలు. నమ్మకం పోయినంక తిరిగి తెచ్చుకునుడు ఎంత కష్టమో చూసినం. అట్లాంటి చోట మన తెగలోనే మనం రెండు పంక్తులైతే రేపు కష్టం వచ్చినప్పుడు ఎవరి పక్కన ఎవరు నిలబడతరు?

మందిరం వాళ్లు అడిగే ఇంకో ప్రశ్న ఉంది. దండారి టైంలో బంధువుల ఇంటికి పోతే తినొచ్చా, తినొద్దా? పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రికలో దీని మీద చాలా దూరం మాట్లాడిండు. విశ్వాసం లేని వాళ్లు భోజనానికి పిలిస్తే పోవాలనిపిస్తే పో, పెట్టింది అడగకుండ తిను అన్నడు. ఇది బలికి పెట్టిందని ఎవరన్నా చెప్తే మాత్రం, చెప్పినోని మనస్సాక్షి కోసం విడిచిపెట్టు అన్నడు. అంటే ఒక్కటే రూల్ గీసి పెట్టలేదు. నీ తిండి వల్ల పక్కోడు కూలిపోతున్నడా, నిలబడుతున్నడా చూడు అన్నడు. మన పాస్టర్లు, పెద్దలు ఈ భాగాన్ని కూర్చొని చదివితే ఊర్లల్ల సగం గొడవలు తగ్గుతయి. మొక్కుడు, తినుడు ఒకటి కాదు. "ఇది నేను తినలేను అత్తా, కానీ మీ ఇంట్ల కూర్చొని జొన్న రొట్టె తింట" అని చెప్పినోన్ని ఏ అత్తా ఎల్లగొట్టదు.

అదే పత్రిక 11వ అధ్యాయంలో పౌలు కోపం చూడండి. కొరింథులో ప్రభువు భోజనం అని కూడుకునేవాళ్లు. ఉన్నోళ్లు ముందే తినేటోళ్లు. లేనోడు వచ్చేసరికి ఏమీ ఉండకపోయేది. ఒకడు ఆకలితో, ఒకడు మత్తులో. ఇది ప్రభువు భోజనమే కాదు అని పౌలు మొహం మీద అన్నడు. ఆ అధ్యాయం చదువుతుంటే నాకు మా అవ్వ కూర్చున్న చివరి పంక్తి యాదికొచ్చింది.

ఆశీర్వాదం అనే మాట కూడా మనం చిన్నది చేసుకున్నం. సాక్ష్యాల్లో ఏం వింటున్నం? బండి వచ్చింది, జాబ్ వచ్చింది, స్లాబ్ ఇల్లు వచ్చింది. సంతోషమే, మన పిల్లలకు జాబ్ వస్తే ఎవరు సంతోషించరు? కానీ పత్తి పోయినోడు, సోయా మునిగినోడు, జ్వరంతో బిడ్డను పోగొట్టుకున్నోడు ఆ పందిట్ల కూర్చొని ఏం అనుకోవాలె? దేవుడు నన్ను విడిచిపెట్టిండు అనుకోవాల్నా? బండి వచ్చిన అన్న రాత్రిపూట పక్కింటి గర్భిణిని ఉట్నూర్ దవాఖానకు తీసుకపోతే, ఆ సాక్ష్యం వినాలని ఉంది నాకు. అప్పుడు పత్తి పోయినోడు కూడా ఆమేన్ అంటడు.

అడిగేటోడు చేసేది కూడా చెప్పాలె గదా. క్రిస్మస్ దగ్గరికొచ్చింది. మన యూత్ వరకు చేయగలిగినవి నాలుగు రాస్తున్న.

ఒకటి. కార్యక్రమంలో ఒక్క పాటన్నా గోండిలో, కొలాం ఊర్లు ఉంటే కొలామీలో పెట్టండి. డోల్‌తో పెట్టండి. ముసలోళ్లు లేస్తే ఆపొద్దు, పక్కన నిలబడి అడుగు నేర్చుకోండి. గుంజాల లిపికి 2018లో యూనికోడ్ వచ్చింది. ఫోన్‌లో టైప్ చేసుకునే కాలం ఇది. రాయగలిగినోళ్లు పాట దాంట్లో రాసి పిల్లలకు ఇయ్యండి.

రెండు. భోజనం ఒక్కటే పంక్తి. అతిథి, పాస్టర్, పట్లా, దేవారి, కూలోడు అందరూ మోదుగు విస్తర్లలోనే. ముందు పిల్లలు, ముసలోళ్లు, బయటి నుంచి వచ్చిన బంధువులు. వడ్డించేది మన యూత్, తినేది చివర్లో మన యూత్. కూర అయిపోతే మనకే అయిపోవాలె.

మూడు. కానుకల్లో, కోత పండుగలో వచ్చిన గింజల్లో, కోళ్లలో కొంత వేలం వెయ్యకుండ పక్కకు పెట్టండి. ఆ ఏడాది పంట పోయిన ఇల్లు, ఒంటరి ముసలమ్మ ఇల్లు చూసి ఇయ్యండి. ఆ ఇల్లు మందిరానికి వస్తదా రాదా అని అడగొద్దు. లెక్క అందరి ముందు చదవండి.

నాలుగు. రాత్రి 10 దాటితే బాక్సులు బంద్. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా అని రూల్ ఎట్లనూ ఉంది. డోల్‌కు కూడా అదే వర్తిస్తది, దండారికి కూడా మన పెద్దలు ఆలోచించాలె. పరీక్షలకు చదివే పిల్లలు రెండు దిక్కులా ఉన్నరు.

దండారి, జాతర చేసే అన్నలకు ఒక్కటే అడుగుతున్న. పిలవండి. మొక్కనోన్ని మొక్కమని బలవంతం చెయ్యకండి, వచ్చినోన్ని ఎగతాళి చెయ్యకండి, విస్తరి వెయ్యండి. వాడు దూరంగ నిలబడి కాలు ఆడించుకుంట డోల్ వింటుండుడు మీరూ చూసిండ్రు, నేనూ చూసిన.

ఈసారి క్రిస్మస్‌కు అవ్వను మళ్లీ తీసుకపోత. ఆ మందిరం పెద్ద మనిషితో ముందే మాట్లాడిన. జొన్నల మూట ఎక్కడ పెట్టాల్నో అడిగిన. కొంచెంసేపు ఆలోచించి "ముందర బల్ల మీదనే పెట్టనీ, ఆ జొన్నలతోనే పంక్తికి గట్క వండుదాం" అన్నడు. డెంసా సంగతి మాత్రం "చూద్దాం" అన్నడు. చూద్దాం అంటే కాదన్నట్టు కాదు గదా.

మీ ఊర్లల్ల ఎట్ల ఉందో కింద రాయండి. గోండిలో, కొలామీలో పాటలు రాసినోళ్లుంటే పెట్టండి, అందరం నేర్చుకుంటం. తప్పు మాట్లాడితే పెద్దలు సరిదిద్దండి.

సేవా జోహార్. వందనాలు.